పొట్టి కటింగ్ నుంచి భుజాల కిందికి: షాంపూ, కండిషనర్ కుదిరేదాకా నా అనుభవం

2023 జూన్‌లో చివరిసారి పొట్టిగా కటింగ్ చేయించుకున్నాను. ఇప్పుడు జుట్టు భుజాలు దాటి కిందికి వచ్చింది. చూసినవాళ్లంతా అడిగేది ఒకటే, "ఏ షాంపూ వాడుతున్నావ్?" అని. ఒక పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఆ పేరు వాళ్లకి ఉపయోగపడుతుందన్న నమ్మకం నాకు లేదు. ఎందుకంటే ఇప్పుడు నాకు బాగా కుదిరిన సీసానే మొదటి ఏడాది ఇచ్చి ఉంటే పక్కన పడేసేవాణ్ణి. జుట్టు పెరిగేకొద్దీ దానికి కావలసింది మారిపోతూ వచ్చింది. అందుకే జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నాను. పెంచడం మొదలుపెట్టి, మధ్యలో విసుగొచ్చి కత్తిరించేద్దామా అని ఊగిసలాడుతున్నవాళ్లు ముఖ్యంగా చదవాలని నా కోరిక.

మొదటి ఆరేడు నెలల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు, ఇంకాస్త ఎక్కువ పెరుగుతుంది. ఏడాదికి 15 సెంటీమీటర్లు, అటూ ఇటూగా. ఏ షాంపూ పోసినా ఆ వేగం మారదు. పొట్టిగా ఉన్నంతకాలం మాడు మీద పుట్టే నూనె చివరిదాకా పాకుతుంది కాబట్టి కొసలు ఎండిపోవడం అనే సమస్యే రాదు. నేను అంతకుముందు నుంచీ వాడుతున్న చుండ్రు షాంపూతోనే దాదాపు రోజూ తల రుద్దుకునేవాణ్ణి. ఏ ఇబ్బందీ లేదు.

2024 ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి జుట్టు చెవుల్ని కప్పేసి మెడ వెనక ఒంపులు తిరగడం మొదలైంది. అప్పుడు మొదలయ్యాయి చిక్కులు. పొద్దున దువ్వితే సాయంత్రానికి మెడ దగ్గర ముడి. దువ్వెన అక్కడికి రాగానే ఆగిపోయేది. ఒకరోజు మా అక్క చూసి అడిగింది.

"ఒరేయ్, కండిషనర్ పెడుతున్నావా?"

"ఈ షాంపూలోనే ఉందట కదక్కా. టూ ఇన్ వన్ అని రాశాడు."

"అది నీ పొట్టి జుట్టుకి సరిపోయింది. ఇప్పుడు చాలదురా. విడిగా కొనుక్కో. కొని మాడుకి మాత్రం పట్టించకు, కింద జుట్టుకే."

షాపుకి వెళ్లి అరల ముందు నిలబడితే అసలు చిక్కు అక్కడ మొదలైంది. ఒక సీసా మీద 'జిడ్డు జుట్టుకి', ఇంకోదాని మీద 'పొడి జుట్టుకి', మరోదాని మీద 'దెబ్బతిన్న జుట్టుకి'. నా తల చూస్తే సాయంత్రానికి మాడు జిడ్డు ఓడుతుంది, కొసలు గరగరలాడుతుంటాయి. మరి నాది ఏ జుట్టు? చాలాసేపు నిలబడి ఏదీ తీసుకోకుండా వచ్చేశాను.

ఆ రాత్రి దిండు మీద రాలిన వెంట్రుక ఒకటి తీసి ట్యూబ్‌లైట్ కింద పట్టుకున్నాను. ఒక చివర చిన్న తెల్లటి బొడిపె ఉంది, అది కుదురు వైపు. అక్కడి నుంచి కొంత దూరం నల్లగా, నున్నగా మెరుస్తోంది. కిందికి వచ్చేకొద్దీ మెరుపు తగ్గి, చివర రంగు కాస్త గోధుమ వైపు తిరిగింది. రెండు వేళ్ల మధ్య పెట్టి కుదురు నుంచి కొస వైపు లాగితే జర్రున జారిపోయింది. కొస నుంచి కుదురు వైపు లాగితే వేళ్లకి పట్టుకుంటూ, గరుకుగా వచ్చింది. మీరూ ఒకసారి చేసి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది. వెంట్రుక పైపొర చిన్న చిన్న పొలుసులతో, ఇంటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. పొలుసుల అంచులన్నీ కొస వైపే ఉంటాయి. అందుకే ఎదురు దిశలో లాగితే తగులుతాయి.

అప్పుడు లెక్క వేసుకుంటే అర్థమైంది. ఏడాదికి 15 సెంటీమీటర్లు అంటే 30 సెంటీమీటర్లు పెరిగి భుజాల దాకా వచ్చిన ఏ జుట్టుకైనా కొస వయసు రెండేళ్లు. ఆ కొస రెండేళ్లపాటు ఎండ చూసి ఉంటుంది, దువ్వెన చూసి ఉంటుంది, ప్రతి తలస్నానమూ చూసి ఉంటుంది. కుదురు దగ్గరిది మాత్రం నిన్నమొన్న పుట్టినది. కొత్త వెంట్రుక మీద కంటికి కనపడని సన్నటి కొవ్వు పొర ఉంటుంది, అది నీటిని నిలవనివ్వదు. కాలం గడిచేకొద్దీ ఆ పొర అరిగిపోయి కొసలు నీళ్లు పీల్చుకోవడం, ఒకదానికొకటి తగులుకోవడం మొదలుపెడతాయి. ఒకే తల మీద రెండు రకాల జుట్టు ఉండటం వింతేమీ కాదు. ఆ రోజు నుంచి నా పద్ధతి ఒకటే: షాంపూ ఎంచుకోవాల్సింది మాడుని చూసి, కండిషనర్ ఎంచుకోవాల్సింది కొసల్ని చూసి. ఒకే పేరుతో జతగా అమ్మే రెండు సీసాలూ కలిపి కొనాలన్న నియమం ఎక్కడా లేదు.

ఈ మాట చెప్పడానికి తేలికే కానీ సరైన జత కుదరడానికి ఏడాది పైనే పట్టింది.

ఏప్రిల్‌లో మొదటి కండిషనర్ తెచ్చాను. చిక్కగా వెన్నలాంటి క్రీమ్. మొదటిసారి కడిగినప్పుడే వేళ్లు కొసల దాకా జారిపోయాయి. ఆ ఆనందం మామూలుగా లేదు. రెండు వారాల పాటు అద్దం ముందు నుంచి కదలబుద్ధి కాలేదు. మూడో వారం దాటాక జుట్టు బరువుగా, పాయలు పాయలుగా అతుక్కుని ఉండటం మొదలైంది. తలస్నానం చేసిన రోజు కూడా కడగనట్టే కనిపించేది. అదే సమయంలో చాలామంది చెప్పారని సల్ఫేట్ (జిడ్డు గట్టిగా వదిలించే పదార్థం) లేని షాంపూకి మారి ఉన్నాను. సీసా వెనక్కి తిప్పి చూస్తే కండిషనర్‌లో మూడో పేరు డైమెథికోన్. అది ఒక సిలికోన్. వెంట్రుకకి చుట్టూ పూతలా పట్టి నున్నగా చేస్తుంది, చిక్కు తగ్గిస్తుంది, అది మంచిదే. కానీ నీళ్లలో కరగదు. దాన్ని వదిలించడానికి కాస్త గట్టిగా శుభ్రం చేసే షాంపూ కావాలి. నేను తెచ్చుకున్న షాంపూ మరీ మెత్తన. విడివిడిగా చూస్తే రెండూ మంచి సరుకే, కలిపి వాడితే మాత్రం పూత మీద పూత పేరుకుపోయింది.

జూన్‌కల్లా దురద, పొట్టు. గోళ్లలోకి తెల్లగా వచ్చేది. పెంచిన జుట్టంతా రాలిపోతుందేమో అని టెన్షన్. చర్మం డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి వారం పైనే పట్టింది, ఈలోగా రోజూ మాడు ఫోటోలు తీసుకుంటూ కూర్చున్నాను. డాక్టర్ పాయలు పాయలుగా విడదీసి చూసి ఒకే ప్రశ్న అడిగారు.

"మీరు తల రుద్దుకుంటున్నారా, జుట్టు రుద్దుకుంటున్నారా?"

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు: "పొడుగు పెరిగాక అందరూ చేసేది ఇదే. జుట్టు మొత్తాన్ని నడినెత్తి మీదికి పోగు చేసి నురగ రుద్దుతారు. వేళ్లు మాడు దాకా వెళ్లవు. షాంపూ మాడుకండీ. కడిగేటప్పుడు కిందికి జారే నురగే పొడవుకి చాలు."

కీటోకొనజోల్ 2 శాతం షాంపూ రాశారు. వారానికి రెండుసార్లు, కొన్ని వారాల పాటు. పెట్టుకున్నాక అయిదు నిమిషాలు ఉంచాలి. చుండ్రుకి కారణమయ్యే మలసీజియా అనే ఫంగస్ అందరి మాడు మీదా ఉంటుంది, నూనె తిని బతుకుతుంది. మందు దాని మీద పనిచేయాలంటే టైమ్ ఇవ్వాలి. రాయగానే కడిగేస్తే డబ్బు దండగ అని గట్టిగా చెప్పారు. అయిదు నిమిషాలు ఎంత పెద్ద సమయమో తల మీద నురగ పెట్టుకుని నిలబడితే తెలుస్తుంది. ఆ టైమ్‌లో పళ్లు తోముకోవడం అలవాటు చేసుకున్నాను.

మూడో వారానికి మాడు నెమ్మదించింది. కానీ మందు షాంపూ కొసల్ని బాగా ఎండగట్టింది. దీనికి అక్క చెప్పిన చిట్కా ఇప్పటికీ నాకు అన్నిటికంటే విలువైనది. తల తడపగానే, షాంపూ కంటే ముందే, చెవుల కింది జుట్టుకి కాస్త కండిషనర్ రాసి వదిలేయాలి. తర్వాత మాడుకి షాంపూ. కిందికి జారే నురగ ఆ పూత మీదుగా పోతుంది, కొసలు ఎండిపోవు. కడిగాక మళ్లీ ఎప్పటిలా కండిషనర్. కొబ్బరినూనె కూడా తలస్నానానికి ముందు కొసలకి రాస్తే ఇలాంటి పనే చేస్తుంది. 2003లో జర్నల్ ఆఫ్ కాస్మెటిక్ సైన్స్‌లో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూస్తే, జుట్టు నుంచి ప్రొటీన్ పోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే. అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది. నాకు మాత్రం నూనె మాడుకి తగిలితే దురద మళ్లీ వచ్చేది కాబట్టి కొసలకే పరిమితం చేశాను.

ఆ తర్వాత సీసా ముందువైపు చదవడం మానేసి వెనకవైపే చదవడం మొదలుపెట్టాను. అక్కడ పేర్లు ఎక్కువ మోతాదు నుంచి తక్కువ మోతాదుకి వరసగా ఉంటాయి. ఒక శాతం కంటే తక్కువ ఉన్నవాటిని మాత్రం ఎలాగైనా పేర్చవచ్చు. కాబట్టి ముందు పెద్దక్షరాలతో ఊరించే మూలికో నూనెనో వెనక పర్‌ఫ్యూమ్ తర్వాత ఎక్కడో కనిపిస్తే, అందులో ఉన్నది చుక్కే అని అర్థం. మొదటి అయిదారు పేర్లే ఆ సీసా చేసే పని చెబుతాయి.

షాంపూలో నేను చూసేది శుభ్రం చేసే పదార్థం ఏదన్నదే. సల్ఫేట్ అన్న మాట వినగానే భయపడిపోవడం నాకు పోయింది. సోడియం లారిల్ సల్ఫేట్ కంటే సోడియం లారెత్ సల్ఫేట్ మెత్తన. పక్కన కోకమిడోప్రొపైల్ బీటైన్ కూడా ఉంటే ఇంకా మెత్తబడుతుంది. మరోవైపు సల్ఫేట్ లేదని పెద్దగా రాసుకున్న కొన్నిటిలో ఒలెఫిన్ సల్ఫొనేట్ ఉంటుంది. అది పేరుకి సల్ఫేట్ కాదు గానీ జిడ్డు వదిలించడంలో ఏమాత్రం తీసిపోదు. కండిషనర్‌లో బెహెంట్రైమోనియం, సెట్రైమోనియం లాంటి పేర్లు వెతుకుతాను. వీటికి ధనావేశం ఉంటుంది. అరిగిన కొసలకి రుణావేశం ఎక్కువ. అందుకే ఇవి వెళ్లి అవసరం ఉన్న చోటే ఎక్కువగా అతుక్కుంటాయి, ఎంత కడిగినా కొంత మిగులుతాయి. సెటైల్ ఆల్కహాల్, సెటియరిల్ ఆల్కహాల్ అని కనిపిస్తే కంగారు పడొద్దు. అవి మైనం లాంటి కొవ్వు పదార్థాలు, జుట్టుని ఎండబెట్టవు. పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) సంగతి కూడా చూశాను. మాడు పీహెచ్ సుమారు 5.5, వెంట్రుకది ఇంకా తక్కువ. షాంపూది అంతకంటే ఎక్కువైతే జుట్టు గరుకెక్కుతుంది. 2014లో ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ట్రైకాలజీలో వచ్చిన ఒక అధ్యయనంలో 123 షాంపూలు పరీక్షిస్తే 5.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నవి 38 శాతమే. సీసా మీద ఈ అంకె వేసేవాళ్లు తక్కువ కాబట్టి, కడిగిన వెంటనే జుట్టు కిర్రుమని గరుకుగా ఉంటే ఆ షాంపూని నేను పక్కన పెట్టేస్తాను.

2024 సెప్టెంబర్ నాటికి జుట్టు కాలర్‌ని తాకింది, జత కూడా దాదాపు కుదిరింది. అక్టోబర్‌లో ఇల్లు మారాం. అదే షాంపూ, అదే కండిషనర్, అదే పద్ధతి. జుట్టు మాత్రం నెలలోపే బిరుసెక్కిపోయింది. నురగ రాదు, ఎంత కడిగినా ఏదో పొర మిగిలినట్టు ఉండేది. నకిలీ సీసా వచ్చిందేమో అని ఇంకోచోట మళ్లీ కొన్నాను. అదీ అంతే. ఒకరోజు బాత్రూమ్‌లో షవర్ చిల్లుల చుట్టూ గట్టిపడిన తెల్లటి పొర గోరుతో గీకుతుంటే వెలిగింది. ఈ ఇంట్లోవి ఉప్పునీళ్లు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లు. షవర్ మీద పేరుకున్నదే నా తల మీదా పేరుకుంటోంది.

అనుమానం తీర్చుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటి చేశాను. తలస్నానం మామూలుగానే చేసి, ఆఖరున జుట్టులో సగానికి మాత్రం తాగడానికి ఫిల్టర్ చేసిన నీళ్లు రెండు చెంబులు పోశాను. ఆరాక కుడివైపుకీ ఎడమవైపుకీ తేడా చేత్తో పట్టుకుంటే తెలిసిపోయింది. ఆ తర్వాత ఈడీటీఏ ఉన్న షాంపూ, అంటే ఆ ఖనిజాల్ని పట్టుకుని వదిలించే రకం, రెండు వారాలకోసారి వాడటం మొదలుపెట్టాను. ఈడీటీఏ చాలా షాంపూల్లో కొద్దిగా ఉంటుంది, కానీ ఉప్పునీళ్ల కోసమే చేసినవాటిలో పేరు కాస్త ముందువైపు కనిపిస్తుంది. దాని తర్వాత కండిషనర్ తప్పనిసరి, కాస్త ఎక్కువే పడుతుంది. కొత్త సీసా కొనడానికి డబ్బు తీసేముందు నీళ్లని ఒకసారి అనుమానించండి. ఇది నేను ఎవరికైనా మొదట చెప్పే మాట.

ఇక 2025 జనవరి. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే కష్టమైన నెలలు ఇవే. చలికి కొసలు లేస్తున్నాయని కడగకుండా వదిలేసే లీవ్-ఇన్ క్రీమ్ ఒకటి తెచ్చుకున్నాను. పది రోజులు బాగానే ఉంది. తర్వాత చెవుల వెనక, మెడ మీద, జుట్టు తగిలే చోటల్లా ఎర్రగా మంట. క్రీమ్ ఆపేశాక తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. తలస్నానం చేసిన మర్నాడల్లా మళ్లీ కాస్త ఎర్రబడేది. అదే డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఏ పదార్థం పడట్లేదో తేల్చే ప్యాచ్ టెస్ట్ చేయించుకోమన్నారు.

దీని గురించి ఎవరూ ముందుగా చెప్పని సంగతులు చెబుతాను. వీపు మీద వరసలు వరసలుగా చిన్న చిన్న గిన్నెల్లో రకరకాల పదార్థాలు పెట్టి టేపు వేస్తారు. 48 గంటలు అవి అలాగే ఉండాలి. తీసి ఒకసారి చూస్తారు, మళ్లీ ఒకటి రెండు రోజులకి ఇంకోసారి చూస్తారు. అన్నిరోజులూ వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. అంటే షవర్ కింద తలస్నానం లేదు. భుజాల దాకా జుట్టు ఉండి, మాడు జిడ్డు రకమైతే ఆ వారం ఎంత నరకమో ఊహించుకోండి. వెళ్లే రోజు పొద్దున్నే తలస్నానం చేసి వెళ్లండి, జుట్టు పైకి ముడేసుకోవడానికి క్లిప్ తీసుకెళ్లండి. నా ఆఖరి రోజుల్లో అక్క నన్ను మంచం మీద పడుకోబెట్టి, తల అంచు బయటికి వేలాడదీసి, కింద బకెట్ పెట్టి కడిగింది. ఖర్చు కూడా చిన్నది కాదు. అప్పటిదాకా కొన్న సీసాలన్నిటి కంటే ఆ ఒక్క పరీక్షకే ఎక్కువ అయింది.

కానీ జవాబు దొరికింది. మిథైల్‌ఐసోథయజోలినోన్. సీసాలో సూక్ష్మజీవులు పెరగకుండా వేసే ప్రిజర్వేటివ్. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దీన్నే ఆ ఏటి అలర్జెన్‌గా, అంటే అలర్జీ తెచ్చే పదార్థంగా ప్రకటించింది. ఒంటి మీద వదిలేసే కాస్మెటిక్స్‌లో దీన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది, కడిగేసేవాటిలో అతి తక్కువ మోతాదుకే అనుమతి ఉంది. చాలామందికి ఇది ఏమీ చేయదు. ఒకసారి పడకుండా పోయిందంటే మాత్రం ఆ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఇంటికి వచ్చి చూస్తే అంత కష్టపడి కుదుర్చుకున్న షాంపూలో కూడా అదే పేరు, చివరి నుంచి రెండోది. చేతులు కడుక్కునే లిక్విడ్‌లోనూ అదే. ఆ సాయంత్రం చాలా నీరసపడిపోయాను. కత్తెర తెచ్చి కత్తిరించేసుకుంటే ఈ గోలంతా ఉండదు కదా అనిపించింది. అక్క ఏమీ అనలేదు, ఇంట్లో ఉన్న సీసాలన్నీ టేబుల్ మీద పెట్టి ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టింది. ఆ పేరు లేనివి ఒకవైపు, ఉన్నవి ఒకవైపు. పనికొచ్చేవి కొన్ని మిగిలాయి. అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాం.

అప్పటి నుంచి ఏ కొత్త సీసా తెచ్చినా వెంటనే తలకి పెట్టను. వదిలేసే రకమైతే మోచేతి లోపలివైపు రోజుకి రెండుసార్లు చొప్పున వారం పైనే రాసి చూస్తాను. కడిగేసే రకాన్ని అలా వదిలేయకూడదు, అది ఊరికే మండిస్తుంది. దాన్ని తల మీద వాడేంతసేపే చర్మం మీద ఉంచి కడిగేస్తాను. ఒకేసారి రెండు మార్చను. షాంపూ మారిస్తే కండిషనర్ పాతదే, కండిషనర్ మారిస్తే షాంపూ పాతదే. కనీసం నెల చూడనిదే మంచో చెడో తేల్చను. మొదటి వారం అన్నీ బాగానే అనిపిస్తాయి.

మధ్యలో కెరటిన్ మాస్క్ (ప్రొటీన్ కలిపిన, జుట్టుకి పట్టించి కడిగేసే క్రీమ్) ఒకటి వాడాను. కొన్ని తలస్నానాలకే జుట్టు గట్టిపడింది, ఆపాక రెండు మూడు వారాల్లో మామూలైంది. దెబ్బతిన్న, రంగులు వేసిన జుట్టుకి అది మేలు చేస్తుందేమో గానీ నా జుట్టుకి అవసరం లేదు.

మార్చిలో ఇంకో భయం. రోజూ చేసే తలస్నానం మానేసి మూడు రోజులకోసారి చేస్తుండగా, జాలీలో చిక్కుకున్న జుట్టు ఉండ చూసి గుండె ఆగినంత పనైంది. అంత జుట్టు ఎప్పుడూ రాలలేదు అనిపించింది. నిదానంగా ఆలోచిస్తే లెక్క వేరే. ఎవరికైనా రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. మూడు రోజులవి జుట్టులోనే ఆగి ఒకేసారి బయటికి వస్తాయి. పైగా 3 సెంటీమీటర్ల వెంట్రుకలు వంద రాలితే కంటికి ఆనవు, 30 సెంటీమీటర్లవి వంద రాలితే గుప్పెడు అవుతుంది. మీరు చూడవలసింది కొసలు. రాలిన వెంట్రుకకి ఒక చివర తెల్లటి బొడిపె ఉంటే దాని కాలం తీరి రాలింది. బొడిపె లేకుండా పొట్టి ముక్కలు ఎక్కువ కనిపిస్తే అవి మధ్యలో తెగినవి, అంటే దువ్వే తీరులోనో కండిషనర్‌లోనో లోపం ఉంది. నావి చాలావరకు బొడిపెతోనే ఉన్నాయి. ఆ రోజు హాయిగా నిద్రపట్టింది.

తడి జుట్టు సులువుగా సాగుతుంది, సులువుగా తెగుతుంది. అందుకే కండిషనర్ తల మీద ఉండగానే పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో, కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి వస్తూ చిక్కు తీస్తాను. కడిగాక తువ్వాలుతో రుద్దను, ఒత్తుతాను. మూడు నాలుగు నెలలకోసారి కొసలు ఒక సెంటీమీటరు కత్తిరించుకుంటున్నాను. చిట్లిన కొసని ఏ కండిషనరూ శాశ్వతంగా అతికించదు, తర్వాతి తలస్నానం దాకా అణిచిపెడుతుంది, అంతే.

2025 జూలై నుంచి ఒక పద్ధతి నిలబడింది. సోడియం లారెత్ సల్ఫేట్, బీటైన్ కలిసిన తేలికపాటి షాంపూ, మూడు రోజులకోసారి, మాడుకి మాత్రమే. బెహెంట్రైమోనియం, సెటియరిల్ ఆల్కహాల్ ఉన్న కండిషనర్, చెవుల కింది నుంచి. అందులో సిలికోన్ కూడా ఉంది, అమోడైమెథికోన్. అది అరిగిన చోటే ఎక్కువగా పడుతుంది. పైగా నా షాంపూ దాన్ని వదిలించగలదు కాబట్టి పేరుకోవడం లేదు. రెండు వారాలకోసారి ఈడీటీఏ షాంపూ. చెవుల వెనక, మెడ దగ్గర సబ్బు నిలిచిపోకుండా ఇదివరకటికి రెట్టింపు సేపు కడుగుతాను.

ఖర్చు సంగతి. పొడుగు జుట్టుకి షాంపూ ఎక్కువ అవుతుందని అందరూ అనుకుంటారు. నాకు జరిగింది వేరు. మాడు సైజు మారలేదు కాబట్టి షాంపూ అంతే అవుతోంది, తలస్నానాలు తగ్గాయి కాబట్టి ఇంకా తక్కువే. కండిషనర్ మాత్రం షాంపూ సగం కూడా కాకముందే ఖాళీ. ఒకే సైజు రెండూ జతగా కొంటే షాంపూలు మిగిలిపోతూ ఉంటాయి. కండిషనర్ పెద్దది, షాంపూ చిన్నది కొనండి. కొత్తదైతే రెండూ చిన్నవే కొనండి. అసలు డబ్బు పోయేది సగం వాడి వదిలేసిన సీసాల మీదే. అలా మిగిలిన షాంపూలతో నేను దువ్వెనలు కడుగుతాను. పడని కండిషనర్లు అక్క తీసుకుంది, ఆమెకి కొన్ని బాగా నప్పాయి.

పోయిన నెల నా కండిషనర్ కొత్త సీసా వచ్చింది. ముందువైపు రంగు కొద్దిగా మారింది, 'కొత్త ఫార్ములా' అని చిన్న ముద్ర ఉంది. వెనక తిప్పి పాత సీసా పక్కన పెట్టి చదివాను. ప్రిజర్వేటివ్ పేరు మారింది, కానీ నాకు పడనిది కాదు. సిలికోన్ రెండు పేర్లు ముందుకు జరిగింది. మోచేతి పరీక్ష అయిపోయింది, ఏమీ రాలేదు. తలకి పెట్టడం మొదలుపెట్టి రెండు వారాలు కావస్తోంది, బాగానే ఉంది. పాత ఫార్ములా సీసా ఒకటి ఇంకా మూత తీయకుండా దాచాను. ఇంకో రెండు మూడు వారాలు చూసి, జుట్టు బరువెక్కకపోతే ఇదే కొనసాగిస్తాను.